అడవి ఉత్తరాలు: క్లచ్ వైరు, కరెంటు తీగ, కోట్ల పుకార్లు

(నల్లమలలో బీట్ ఆఫీసరుగా చేరి, రేంజ్ ఆఫీసరుగా రిటైరైన మా కాలమిస్టు ఈ నెల వన్యప్రాణుల వేట మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: సార్, నేను నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాను. సినిమాల్లో వేటగాళ్ళు జీపుల్లో, తుపాకులతో వస్తారు. నిజంగా కూడా అంతేనా? ఇంతమంది సిబ్బంది, ఇన్ని కెమెరాలు ఉండగా పులిని ఎలా చంపగలుగుతున్నారు?

జవాబు: నాయనా, జీపు వేసుకుని వచ్చేవాడైతే మా పని సులువయ్యేది. చప్పుడు వినపడుతుంది, లైటు కనపడుతుంది, చెక్‌పోస్టులో బండి నంబరు రాసి ఉంటుంది. నా సర్వీసులో నన్ను ఎక్కువగా ఏడిపించింది మోటారు సైకిల్ క్లచ్ వైరు. దాంతోనే ఉచ్చు కడతారు. పాతది మెకానిక్ దగ్గర ఊరికే దొరుకుతుంది, జేబులో పడుతుంది, చెక్‌పోస్టులో పట్టుకున్నా "బండి రిపేరుకు సార్" అంటాడు. ఉచ్చు కట్టినవాడు ఇంటికెళ్ళి పడుకుంటాడు. తీగ మాత్రం రాత్రంతా డ్యూటీలోనే ఉంటుంది.

ఉచ్చు వెతకడం ఒక విద్య. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఉచ్చు కోసమే చూస్తారు, అది కనపడదు. అనుభవం ఉన్నవాళ్ళు ముందు కంచె కోసం చూస్తారు. కుంటకు దిగే దారిలో ముళ్ళకంప వరసగా పడి ఉండి, మధ్యలో జంతువు దూరేంత సందు వదిలి ఉంటే అది గాలికి పడిన కంప కాదు. నాతో తిరిగిన చెంచు వాచరు ఒకాయన అలాంటి చోట నిలబడి చూసేవాడు కాదు. పంది ఎత్తుకు వంగి, దాదాపు నేల మీద కూర్చుని చూసేవాడు. అప్పుడు వైరు ఎండకు సన్నగా మెరుస్తుంది. తర్వాత అది కట్టిన చెట్టు మొదలు తడిమేవాడు. బెరడు ఒరుసుకుపోయి తెల్లగా ఉందంటే అప్పటికే ఏదో పడి గింజుకుందని లెక్క. ఒకటి దొరికిందంటే చుట్టుపక్కల ఇంకొన్ని ఉన్నట్టే. ఆ పూట అన్నం మాట మర్చిపోవాల్సిందే.

ఉచ్చు కట్టినవాడి గురి చాలాసార్లు అడవి పంది మీదో దుప్పి మీదో ఉంటుంది. అదే దారిలో చిరుత వస్తుంది, నడుము దగ్గర బిగుసుకుంటుంది. పైకి చర్మం మీద గీత మాత్రమే కనపడినా లోపల అవయవాలు నలిగిపోతాయి. విడిపించి బోనులో వేసిన జంతువు కూడా చాలాసార్లు బతకదు.

పులి కోసమే వచ్చే ముఠాలు వేరే. వాళ్ళ చేతుల్లో రాజస్థాన్‌లోని సరిస్కా 2005కల్లా పూర్తిగా ఖాళీ అయింది. రికార్డుల్లో పులులు ఉండగానే అడవిలో ఒక్కటీ మిగల్లేదు. 2009లో మధ్యప్రదేశ్‌లోని పన్నాకూ అదే గతి పట్టింది. సరిస్కా దెబ్బ తర్వాతే జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో వచ్చాయి. 2022 లెక్కల్లో దేశం మొత్తం మీద 3,682 పులులని అంచనా వేశారు. సంతోషమే. కాకపోతే కెమెరా పులి చారల్ని లెక్కపెడుతుంది, ఉచ్చును విప్పదు. ఆ పని నడిచేవాడిదే.

గస్తీకి ఇప్పుడు ఎం-స్ట్రైప్స్ అనే యాప్ ఉంది. నడిచిన దారంతా ఫోనులో గీతగా పడుతుంది. మంచిదే. అయితే గీత పొడుగ్గా పడితే చాలని జీపు రోడ్డు వెంబడి నడిచేవాళ్ళను కూడా చూశాను. ఉచ్చు జీపు రోడ్డు మీద ఉండదు కదా!

ప్రశ్న: అయ్యా, మాది యర్రగొండపాలెం దగ్గర పల్లె. పక్క చేను ఆయన వేరుశనగ చుట్టూ రాత్రిపూట కరెంటు తీగ లాగుతున్నాడు. ఫిర్యాదు చేస్తే ఊళ్ళో గొడవ. ఊరుకుంటే ఎవరికేమవుతుందోనని టెన్షన్. పందులు నా చేనును కూడా వదలడం లేదు. ఏం చేయమంటారు? పేరు రాయొద్దు.

జవాబు: పేరు రాయను. మీ బాధ నాకు కొత్త కాదు. ఒక్క రాత్రి పందుల గుంపు దిగితే వేరుశనగ చేను దున్నిపెట్టినట్టు అవుతుంది. పొద్దున అక్కడ నిలబడిన రైతుకు వన్యప్రాణి సంరక్షణ గురించి లెక్చరివ్వడానికి నోరెవరికి వస్తుంది?

అయినా ఆ తీగ మాత్రం వద్దు. మెయిన్ లైనుకు కొక్కెం తగిలించి లాగిన తీగలో కరెంటు ఆగకుండా పారుతుంది, తగిలినదాన్ని వదలదు. వాన పడి నేల తడిసిందంటే మరీ ప్రమాదం. దానికి పంది, పులి, మనిషి తేడా లేదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం అడవుల్లో కూంబింగ్‌కు వెళ్ళిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ జంతువుల కోసం పెట్టిన తీగ తగిలే చనిపోయాడు. తెల్లవారుజామున తీగ తీయడానికి వెళ్ళి, తాను పెట్టిన తీగకే తాను బలైన రైతుల వార్తలు మీరూ పేపర్లో చూసే ఉంటారు.

ముందు ఊరి పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకుని ఆయనతోనే మాట్లాడండి. ఇద్దరి చేలకూ కలిపి సోలార్ కంచె వేసుకుందామని అడగండి. సోలార్ కంచెలో కూడా షాక్ ఉంటుంది, కానీ అది సెకనుకో, సెకనున్నరకో ఒక్క క్షణం కొట్టి ఆగుతుంది. జంతువు బెదిరి వెనక్కి తిరుగుతుంది, ప్రాణం పోదు. సబ్సిడీ ఏమైనా ఉందేమో మండల వ్యవసాయాధికారిని అడగండి. ఒక్కమాట. సోలార్ కంచె పేరు చెప్పి రాత్రిళ్ళు అదే తీగకు ఇంటి కరెంటు కలిపేవాళ్ళున్నారు. అది మళ్ళీ మొదటి నేరమే.

ఖర్చు పెట్టలేకపోతే గట్టు వెంట కుసుమ వేయండి. హైదరాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం నాలుగేసి వరసలు వేయమని చెబుతున్నారు. కుసుమ ముళ్ళు పందికి గుచ్చుకుంటాయి, దాని వాసన వేరుశనగ వాసనను కప్పేస్తుంది. పైగా గింజ అమ్ముకోవచ్చు. పాత చీరలు కట్టడం, వెంట్రుకలు చల్లడం లాంటివి కొన్నాళ్ళు పనిచేస్తాయి. తర్వాత పందులు అలవాటు పడతాయి. అవి తెలివైనవి, మనల్ని బాగా చదివాయి.

పంట మీద పడే పందిని చంపడానికి చట్టంలో దారి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అధికారం ఉన్న ఆఫీసరు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ అనుమతి కరెంటు తీగకు వర్తించదు, మాంసం అమ్ముకోవడానికి అసలే వర్తించదు. పంట కోసమే తీగ పెడుతున్నామనే మాట నేను సగమే నమ్ముతాను. చేలో గడ్డిపోచ లేని ఎండాకాలంలో కూడా తీగలు దొరికేవి. అవి దేనికో, పొద్దున్నే టౌను నుంచి బైకుల మీద ఎవరొచ్చేవారో ఊరందరికీ తెలుసు.

ఆయన వినకపోతే కరెంటు వాళ్ళ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ఫలానా ట్రాన్స్‌ఫార్మర్ కింద రాత్రిళ్ళు కొక్కెం వేస్తున్నారని చెప్పండి. పంది మాటే ఎత్తనక్కర్లేదు. కరెంటు దొంగతనం మీద లైన్‌మన్ వస్తాడు. సబ్‌స్టేషన్లో ఫీడరు ట్రిప్ అయిన (లైను దానంతటది ఆగిపోయిన) టైము రాసిపెడతారు. ఆ టైము పట్టుకుని లైను వెంట వెతికితే తీగ ఎక్కడుందో దొరుకుతుంది. ఫిర్యాదు చేసిందెవరో ఊళ్ళో ఎవరికీ తెలియాల్సిన అవసరం లేదు.

పులి మీ పశువును కొడితే కళేబరం దగ్గరికి ఎవరినీ పోనీయకండి. అడుగు జాడలు చెరగకముందే ఫోటో తీసి, బీట్ ఆఫీసరును పిలిచి నష్టపరిహారానికి రాయించుకోండి. కోపంలో కళేబరం మీద పురుగుమందు పోసే పని మాత్రం చేయొద్దు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులులు చనిపోయినప్పుడు విచారణ చివరికి విషం పెట్టిన పశువు కళేబరం దగ్గరే తేలింది. జైలుకు వెళ్ళింది పశువులు కాసుకునేవాళ్ళే.

ప్రశ్న: నమస్తే అండీ. మాది కూకట్‌పల్లి. మా ఆడపడుచు గృహప్రవేశానికి నక్షత్ర తాబేలు తెచ్చి ఇస్తానంటోంది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందట. మొహమాటంతో వద్దనలేకపోతున్నాను. పెంచుకుంటే తప్పా?

జవాబు: తప్పేనమ్మా. కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే. పోలీసులు వస్తే ఆడపడుచు ఇంటికి కాదు, మీ ఇంటికే వస్తారు. ఈ సంగతి చెబితే మొహమాటం దానంతటదే పోతుంది.

ఈ తాబేళ్ళు ఎక్కువగా మన అనంతపురం వైపు, దాన్ని ఆనుకున్న కర్ణాటక పల్లెల నుంచి పోతాయి. తొలకరి పడగానే పచ్చగడ్డి కోసం బయటికి వస్తాయి. పిల్లలు ఏరి పది, ఇరవై రూపాయలకు ఇచ్చేస్తారు. అక్కడి నుంచి గోనెసంచుల్లో చెన్నై, అక్కడి నుంచి సూట్‌కేసుల్లో విదేశాలకు. కదలకుండా కాళ్ళు, తల లోపలికి నొక్కి టేపు చుడతారు. పట్టుబడిన సంచి విప్పినప్పుడు మొదట వచ్చేది కుళ్ళు వాసన. 2019లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం వీటి వ్యాపారాన్ని అత్యంత కఠినమైన నిషేధపు జాబితాలోకి ఎక్కించింది. అయినా ఆగలేదు. కలిసొస్తుందనే నమ్మకం ఆగలేదు కాబట్టి.

ఇప్పటికే ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి చెరువులో వదలొద్దు. పుణ్యమని హుస్సేన్‌సాగర్లో, గుడి కోనేట్లో వదిలేవాళ్ళున్నారు. అది మెట్ట తాబేలు. దానికి ఈత రాదు, మునిగి చస్తుంది. నెహ్రూ జూ పార్కులోనో దగ్గరి అటవీ కార్యాలయంలోనో అప్పగించండి. మీ ఆడపడుచుకు వాస్తు మీదే మనసుంటే ఇత్తడి తాబేలు కొనమనండి. దానికి ఆకుకూర కూడా పెట్టక్కర్లేదు.

ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. మా మామగారి ఇంట్లో హాలులో దుప్పి కొమ్ములు, పూజ గదిలో జింక చర్మం ఉన్నాయి. తాతగారు బ్రిటిష్ కాలంలో వేటకు వెళ్ళేవారట. ఇప్పుడు ఇల్లు అమ్ముతున్నాం. వీటిని ఏం చేయాలి?

జవాబు: అప్పట్లో లైసెన్సు మీద వేట చట్టబద్ధమే, కాబట్టి తాతగారిని ఎవరూ ఏమనరు. ఇప్పుడు చూడాల్సింది కాగితం. ఇలాంటివి ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ప్రకటించుకోవాలని 2003లో ప్రభుత్వం 180 రోజుల గడువిచ్చింది. అప్పుడు ఇంట్లో ఎవరైనా దరఖాస్తు పెట్టి యాజమాన్య ధ్రువపత్రం తీసుకున్నారేమో పాత బీరువా వెతకండి. పత్రం ఉంటే వారసత్వంగా మీరు ఉంచుకోవచ్చు, కానీ మీ చేతికి వచ్చిన 90 రోజుల్లోగా ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలియజేయాలి. ఉంచుకునే ఓపిక లేకపోతే అప్పగించేయొచ్చు. పరిహారం ఏమీ రాదు.

పత్రం లేకపోతే అవి చట్టం దృష్టిలో సర్కారు సొత్తు. ఒక లాయరుతో మాట్లాడి, వివరాలన్నీ రాసి, జిల్లా అటవీ అధికారికి మీ అంతట మీరే అప్పగించండి. ఇల్లు కొనేవాళ్ళకు సామానుతో పాటు వదిలేయడం, ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టడం, రాత్రిపూట గోదారిలో పడేయడం లాంటి ఆలోచనలు వద్దు. మొదటి రెండూ కొత్త నేరాలు. మూడోది దొరికితే వివరణ ఇచ్చుకోలేరు.

కొందరు "దుప్పి తనంతట తాను రాల్చిన కొమ్మే కదా" అంటారు. రాల్చినదైనా ఇంటికి తెచ్చుకోకూడదు. అడవిలో దానికీ వారసులున్నారు. ముళ్ళపంది రాత్రిళ్ళు కూర్చుని దాన్ని కొరుక్కు తింటుంది, సున్నం కోసం. పళ్ళ గాట్లు పడిన కొమ్ములు మాకు తరచూ కనపడేవి.

ప్రశ్న: పులి గోరు లాకెట్ అసలుదో నకిలీదో ఎలా కనిపెట్టాలి?

జవాబు: నకిలీదైతే మోసపోయారు, అసలుదైతే జైలు. రెండిట్లో ఏది కోరుకుంటారు? బజారులో తిరిగేవాటిలో చాలావరకు పశువుల కొమ్మును, గిట్టను అరగదీసి చేసినవే. కేసు వరకు వస్తే హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వారి లాకోన్స్ ల్యాబులో డీఎన్‌ఏ పరీక్షతో తేలుతుంది. ఇదే సందర్భంలో ఇంకోటి. ధనం ఆకర్షించే మొక్క వేరని ఆన్‌లైన్లో అమ్మే 'హత్తా జోడి' నిజానికి ఎండబెట్టిన మగ ఉడుము మర్మాంగం. దాన్ని కుంకుమలో పెట్టి పూజ చేస్తున్న ఇళ్ళున్నాయి!

ప్రశ్న: సారూ, నేను చెంచును. అమ్రాబాద్ వైపు పెంటలో (మా చెంచుల గూడెంలో) ఉంటాం. ఇంటర్ చదివిన. అడవిలో ఏది చచ్చినా ముందు మా పెంటకే వచ్చి గుడిసెలు వెతుకుతరు. అమ్మినోళ్ళు, కొన్నోళ్ళు టౌన్లో బాగనే ఉంటరు. మమ్మల్ని అడవి నుంచి పంపితే పులి బతుకుతదా?

జవాబు: తమ్ముడూ, మిమ్మల్ని పంపితేనే పులి బతుకుతుందనే మాటకు నా అనుభవం అడ్డంగా ఉంది. మీ వాళ్ళు లేకుండా నేను ఒక్క ఉచ్చు కూడా సొంతంగా పట్టుకోలేదని చెప్పొచ్చు. బేస్ క్యాంపుల్లో రాత్రింబవళ్ళు ఉండే ప్రొటెక్షన్ వాచర్లలో చెంచులే కీలకం. కోతి అరుపు మారితే చిరుత వచ్చిందో, మనిషి వచ్చాడో నాకు తెలిసేది కాదు, వాళ్ళకు తెలిసేది. పైనుంచి వచ్చే ఆఫీసర్లు మూడేళ్ళలో బదిలీ అవుతారు. వాచరు మాత్రం అక్కడే ముసలివాడవుతాడు.

గుడిసెలు ముందు ఎందుకు వెతుకుతారంటే అది సులువు కాబట్టి. ఉచ్చు దగ్గర దొరికినవాడి మీద కేసు రాస్తే ఫైలు మూసుకుంటుంది. చర్మం ఎవరడిగారు, మాంసం ఏ ధాబా హోటల్లో వండారు, అడ్వాన్సు ఎవరిచ్చారు అని ఫోన్ కాల్స్ పట్టుకుని పైకి వెళితే నెలలు పడుతుంది. ఆ నెలలు వెచ్చించినప్పుడే ముఠా దొరికింది, మిగతా అన్నిసార్లూ కూలివాడు దొరికాడు. నా మాట కొందరు పాత సహోద్యోగులకు నచ్చదు, తెలుసు.

అలాగని మీ వైపు నుంచి తప్పే జరగలేదని నువ్వూ అనవు. టౌను వ్యాపారి ఇచ్చే మందు సీసాకో, వెయ్యి రూపాయలకో దారి చూపించినవాళ్ళున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, జిగురు లాంటి అటవీ ఫలసాయం మీద మీకు హక్కు ఇచ్చింది. వేటను మాత్రం అందులో నుంచి స్పష్టంగా తీసేసింది. పెంటలో కుర్రాళ్ళకు ఈ రెండు ముక్కలూ నువ్వే చెప్పాలి, వాళ్ళు ఆఫీసరు చెబితే వినరు.

ఎవరినైనా పట్టుకెళితే 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. గిరిజనులకు లాయరు ఉచితం, ఆదాయంతో పనిలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక్క అర్జీ రాస్తే చాలు. ఇంటర్ చదివిన నీలాంటివాడు పెంటకొకడుంటే ఆ అర్జీ రాసేవాడు దొరుకుతాడు. బీట్ ఆఫీసరు పోస్టుల నోటిఫికేషన్ పడినప్పుడు దరఖాస్తు పెట్టు. వాచరుగా ఆగిపోవద్దు. వాచరు జీతం నెలల తరబడి ఆలస్యమైతే అడిగే దిక్కుండదు. ఆ విషయం మీద నేను పైకి రాసిన లెటర్లకు ఇప్పటికీ జవాబు రాలేదు.

ప్రశ్న: మాది కడప జిల్లా. మొన్న రాత్రి పశువుల కొట్టంలోకి అలుగు (ఒంటి నిండా పెంకులుండే పాంగోలిన్) వచ్చింది. గంప కింద పెట్టాం. మా చిన్నాన్న వాట్సాప్‌లో ఫోటో పెట్టగానే ఎవరెవరో ఫోన్ చేసి లక్షలు, కోట్లు అన్నారు. భయమేసి అటవీశాఖ వాళ్ళకు ఇచ్చేశాం. నిజంగా అంత ధర ఉందా?

జవాబు: ఇచ్చేసి మంచి పని చేశారు. ఫోన్ చేసినవాళ్ళలో కొందరు దళారులు, కొందరు మోసగాళ్ళు, ఒకరిద్దరు బేరగాళ్ళ వేషంలో ఉన్న ఆఫీసర్లు కూడా అయ్యుండొచ్చు. అలుగు కేసులు చాలా మటుకు అలాగే పట్టుబడతాయి. వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువు కాబట్టి శిక్ష మూడేళ్ళకు తగ్గదు, ఏడేళ్ళ దాకా పోతుంది. జరిమానా కనీసం 25 వేలు. కోట్లు కళ్ళజూసిన పల్లెటూరివాడిని నేనైతే చూడలేదు.

దాని పెంకుల్లో ఉన్నది కెరటిన్. మన గోళ్ళలో ఉన్నదీ అదే. చైనా, వియత్నాం నాటుమందుల్లో దానికి గిరాకీ ఉంది. 2016లో అన్ని అలుగు జాతుల మీదా అంతర్జాతీయ వ్యాపారం నిషేధించారు. 2020లో చైనా తన అధికారిక మందుల జాబితా నుంచి పెంకులను తీసేసింది. దొంగ వ్యాపారం ఇంకా నడుస్తూనే ఉంది.

పాపం దాని ఆయుధమే దానికి శత్రువు. ప్రమాదం వస్తే ఉండలా చుట్టుకుంటుంది. పెద్దపులికి కూడా ఆ ఉండ విప్పడం కష్టం. మనిషి మాత్రం ఎత్తి సంచిలో వేసుకుంటాడు. కాన్పుకు మామూలుగా ఒక్కటే పిల్ల. దాన్ని తోక మీద ఎక్కించుకుని తిరుగుతుంది. తల్లిని ఎత్తుకుపోతే రెండు ప్రాణాలు పోయినట్టే. నోట్లో పళ్ళుండవు, చీమలు, చెదలు తప్ప ఇంకేం తినదు. అందుకే మీరు పెంచలేరు, జూలో కూడా దాన్ని బతికించడం చాలా కష్టం.

మళ్ళీ వస్తే ముట్టుకోవద్దు. గంప అసలే వద్దు, ఆ గోళ్ళు చెదపుట్టల్ని చీల్చేవి, వెదురు ఎంత? కుక్కల్ని కట్టేయండి, కొట్టంలో లైటు ఆర్పేయండి, చిన్నాన్న దగ్గర ఫోను తీసుకోండి. తెల్లారేలోపు దాని దారిన అది పోతుంది. గాయమైనా, బావిలో పడినా అటవీశాఖకు ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా జనాన్ని దూరంగా ఉంచండి.